ముందు ఎవరికి వచ్చింది కరెంటు?

హనుమకొండ

బిడ్డా,

ఆశీస్సులు. నువ్వు పంపిన కాగితాలు అందాయి. పెన్సిలు చేతిలో పట్టుకుని నిదానంగా చదివాను. వరంగల్‌కు కరెంటు వచ్చిన వైనం రాయాలని నీకు తోచడమే నాకు పెద్ద సంతోషం. మన ఊరి చరిత్ర అనగానే అందరి కలమూ కాకతీయుల కోట దగ్గరికో, వేయిస్తంభాల గుడి దగ్గరికో పోతుంది. ఆ తర్వాత ఏడు వందల ఏళ్లు ఇక్కడ మనుషులే బతకనట్టు రాస్తారు. ఇరవయ్యో శతాబ్దపు వరంగల్ నిలబడింది మిల్లు మీద, రైలు మీద, బొగ్గు మీద, తీగ మీద. వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. నీకు ఆ పట్టింపు ఉంది కాబట్టే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదటి పేజీ మొత్తం తీసెయ్. ‘తరతరాల చీకటిని చీల్చుకుంటూ’ అని మొదలుపెట్టావు. కరెంటు రాకముందు మన ఇళ్లు చీకట్లో లేవు. ఆముదపు ప్రమిద ఉండేది. గాసునూనె దొరికినప్పటి నుంచి ఎక్కబుడ్డి, కందిలి వచ్చాయి. పెళ్లిళ్లకూ భాగోతాలకూ పెట్రోమాక్స్ లైట్లు కిరాయికి తెచ్చేవాళ్లు. పొద్దుగూకే ముందు కందిలి చిమ్నీని బూడిదతో తుడిచి పెట్టడం ఇంట్లో పిల్లల పని. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి ఆ వెలుగులోనే తెగిన పోగు వెతికి అతికేవాడు. ఆ వెలుగుకు ఖర్చుంది, మసి ఉంది, కళ్లమంట ఉంది. నూనె అయిపోతే పని ఆగిపోయేది. ఇవన్నీ ముందు రాస్తేనే కరెంటు బుగ్గ (బల్బు) వెలిగిన నాడు ఏం మారిందో చదివేవాళ్లకు తెలుస్తుంది.

నిజాం గురించి రాసిన పేజీన్నర కూడా నాకు ఎక్కువే అనిపించింది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1934లో వరంగల్‌లో బట్టల మిల్లు పెట్టించి, పెద్ద కొడుకు ఆజం జా పేరున దానికి ఆజంజాహీ మిల్లు అని పేరు పెట్టాడు. ఈ ఒక్క వాక్యం చాలు. దయగల ప్రభువు వెలుగు ప్రసాదించాడనడం ఎంత సులువో, ఆయన ఏమీ చేయలేదనడమూ అంతే సులువు. రెండు మాటలతోనూ ఊరి సంగతి ఏమీ తెలియదు.

నీ రాతలో నేను వెతికి దొరకనిది ఒకటుంది. కరెంటు ఎప్పుడు వచ్చిందో చెప్పడానికి తంటాలు పడ్డావు గానీ, ముందు ఎవరికి వచ్చింది, తర్వాత ఎవరికి, ఆఖరున ఎవరికి, ఆ వరస ఎవరు పెట్టారు అని ఎక్కడా అడగలేదు. ఆ వరసే నీ పుస్తకం. తారీఖులన్నీ దాని చుట్టూ కూర్చోవాలి.

బొగ్గు దగ్గర మొదలుపెట్టు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889లో తవ్వకం మొదలైంది. సికిందరాబాదు నుంచి కాజీపేట, వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడకు రైలు పట్టాలు పడింది కూడా ఆ ఏళ్లలోనే. 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్‌గా మారింది. అదే 1920లో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం మొదలైంది. ఒడ్డునే ఎందుకు కట్టారో కూడా రాయి. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి టర్బైన్‌ను తిప్పిన తర్వాత దాన్ని మళ్లీ నీళ్లుగా చల్లార్చాలి, అందుకు చెరువంత నీళ్లు కావాలి. చెరువు అక్కడే ఉంది. బొగ్గు మాత్రం మన వైపు నుంచి పోవాలి. డోర్నకల్ నుంచి హైదరాబాదుకు ఉన్న రైలు దారి వరంగల్ స్టేషన్ మీదుగానే.

ఈ సంగతి మీద కాసేపు ఆగు బిడ్డా. మన స్టేషన్‌లో కందిలి పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్ల ముందు నుంచే ఆ బొగ్గు వ్యాగన్లు రాజధానికి పోయాయి. తవ్విన కూలీ గుడిసెలో బుడ్డి దీపం, కాల్చిన చోట వీధి దీపాలు. ఆవేశపడి రాయమని చెప్పడం లేదు. పటం తీసుకుని గని, స్టేషను, చెరువు, బంగళా ఒకదాని వెనక ఒకటి పెట్టి చూపించు. చదివేవాళ్లకు రావాల్సిన కోపం వాళ్లకే వస్తుంది.

అన్నట్టు, హుస్సేన్‌సాగర్ కేంద్రం ‘ఆసియాలోనే మొట్టమొదటిది’ అని రాశావు. ఆ మాట చాలా చోట్ల కనిపిస్తుంది, నువ్వు మాత్రం ఎత్తి రాయకు. కలకత్తాలో 1899లోనే బొగ్గు కాల్చి కరెంటు తీసి అమ్మారు. దాని సామర్థ్యంగా చెప్పే 22.5 మెగావాట్ల లెక్కను 1920 పక్కన అంటించేముందు, ఏ యంత్రం ఏ ఏట బిగించారో చూసుకో. 1990ల్లో ఆ కట్టడాన్ని కూల్చేశారు కనుక ఇప్పుడు నీకు మిగిలింది కాగితాలూ ఫొటోలూ, అక్కడ పనిచేసినవాళ్ల మాటలూ.

ఇక ఊరికి కరెంటు ఎందుకు ఆలస్యంగా వస్తుంది, మిల్లుకు ఎందుకు ముందుగా వస్తుంది? దీనికి పాలకుల మనసులోకి తొంగిచూడక్కర్లేదు, లెక్క చాలు. నీ రాతలో కిలోవాటునూ యూనిట్‌నూ కలగలిపేశావు, ముందు అది సరిచెయ్. కిలోవాటు అంటే యంత్రం దమ్ము. యూనిట్ అంటే ఆ దమ్ముతో గంటసేపు జరిగిన పని. వంద కిలోవాట్ల యంత్రం ఒకటి కొన్నారనుకో. ఊళ్లో దీపాలు తప్ప వేరే వాడకం లేకపోతే అది సాయంత్రం అయిదు గంటలు నడుస్తుంది, రోజుకు 500 యూనిట్లు. అదే యంత్రం మిల్లు కోసం రాత్రింబగళ్లు నడిస్తే 2400 యూనిట్లు. యంత్రానికి పెట్టిన డబ్బు ఒకటే, దాని మీద వడ్డీ ఒకటే. పగటిపూట వాడేవాడు ఉంటేనే రాత్రిపూట దీపం చవక అవుతుంది. అందుకే తొలినాళ్లలో కరెంటు ఎప్పుడూ కార్ఖానా వెంట నడిచింది.

మైసూరు రాజ్యం సంగతి చూడు. కావేరి మీద శివసముద్రం దగ్గర 1902లో కరెంటు తీసింది బెంగుళూరు వీధుల కోసం కాదు, దాదాపు 148 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోలారు బంగారు గనుల కోసం. బెంగుళూరు వీధి దీపాలు 1905 ఆగస్టులో గానీ వెలగలేదు. బొంబాయికి 1915లో ఖోపోలీ నుంచి టాటాల జలవిద్యుత్తు వచ్చింది కూడా బట్టల మిల్లులను చూసుకునే. ఇవి రాసి ఊరుకోకు. మన దగ్గర ఆ వరస ఎట్లా నడిచిందో వీటి పక్కన పెట్టి చూపించు. ఉత్తర తెలంగాణలో 1930ల తర్వాత పుట్టిన పెద్ద కార్ఖానాలు చూస్తే వరంగల్‌లో బట్టల మిల్లు, బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ, కాగజ్‌నగర్‌లో సిర్పూరు కాగితం మిల్లు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు పిప్పి కాల్చి ఆవిరి తీయవచ్చు. కాగితం ఆరబెట్టడానికి ఎట్లాగూ ఆవిరి కావాలి, అదే ఆవిరితో టర్బైనూ తిప్పవచ్చు. ఇటువంటి చోట్ల కరెంటు గోడ లోపలే పుడుతుంది. గోడ బయటికి ఎంత వచ్చింది, మేనేజర్ బంగళా దాకానా, క్వార్టర్ల దాకానా, ఊళ్లోకి కూడానా? ఒక్కో ఊరికీ ఈ ప్రశ్న విడిగా వేసుకో.

ఆజంజాహీ దగ్గర నీకు చెయ్యగలిగిన పని చాలా ఉంది. మిల్లు 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందికి పోయి, 2002లో మూతపడింది. అందులో పనిచేసినవాళ్లు మిల్స్ కాలనీలో, చుట్టుపక్కల బస్తీల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోయి ‘మిల్లు గొప్పతనం చెప్పండి’ అని అడిగితే సభల్లో చెప్పే మాటలే చెప్తారు. పని అడుగు. పాత మిల్లుల్లో ఒకే పెద్ద యంత్రం పైకప్పు కింద పొడవాటి ఇరుసును తిప్పేది, దాన్నుంచి తోలు పట్టీలు దిగి కింద మగ్గాలను నడిపించేవి. తర్వాత మిషనుకొక మోటారు వచ్చింది. మీ షెడ్డులో పట్టీలుండేవా, మోటార్లుండేవా? రాత్రి షిఫ్టులో దీపాలు ఎంత ఎత్తున వేలాడేవి? పోగు తెగితే కనిపించేదా? దూది ఎగిరే స్పిన్నింగ్ ఖాతాలో, అంటే నూలు వడికే విభాగంలో, మంట ఉన్న దీపం పెట్టడమంటే ప్రాణాలతో ఆట. మిల్లులు గాజుబుగ్గను అంత తొందరగా ఎందుకు తెచ్చుకున్నాయో ఆ ఖాతాలో నిలబడ్డ మనిషి చెప్తేనే తెలుస్తుంది. ఇంకొకటి కూడా అడుగు: దీపం వచ్చినందుకు పని గంటలు తగ్గాయా, పెరిగాయా? రాత్రి షిఫ్టు పుట్టించింది ఆ బుగ్గే.

కాగితాల దగ్గర రెండు గుంటలున్నాయి, నువ్వు రెండింటిలోనూ పడ్డావు. నిజాం కాలం ఫైళ్లలో సంవత్సరం ఫసలీలో, అంటే అప్పటి సర్కారు వాడిన ఏటి లెక్కలో ఉంటుంది. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం ఆజర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది. 1344 ఫసలీ అంటే 1934 అక్టోబరు నుంచి 1935 అక్టోబరు దాకా. అక్టోబరు, నవంబరు, డిసెంబరు అయితే 590 కలపాలి, ఆ తర్వాతి నెలలకు 591. నువ్వు అన్నింటికీ 590 కలిపావు, అందుకే నీ రెండో అధ్యాయంలో పని పూర్తయిన తారీఖు టెండరు తారీఖు కంటే ముందు పడింది. రెండోది రూపాయి. నిజాం రాజ్యంలో చెల్లింది హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్లు. 7 హాలీలు సుమారుగా 6 కల్దార్లకు సమానం. బయటి కంపెనీ యంత్రం ధర కల్దార్‌లో, ఇక్కడి కూలీల ఖర్చు హాలీలో ఉంటే రెండింటినీ కూడి మొత్తం చెప్పకూడదు.

తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో కూర్చోక తప్పదు. నిజాం ప్రభుత్వపు వార్షిక పరిపాలన నివేదికలు ఇంగ్లీషులో ఉన్నాయి, అవి దారి చూపిస్తాయి. అసలు మాట ఉర్దూ ఫైళ్లలో ఉంటుంది. బ్రిటిష్ ఇండియాలో 1910 విద్యుత్ చట్టం కింద ప్రైవేటు కంపెనీలు లైసెన్సులు తీసుకుని ఊళ్లకు కరెంటు అమ్మాయి. ఆ చట్టం నిజాం రాజ్యానికి వర్తించదు, ఇక్కడ సరఫరా ఎక్కువగా సర్కారు శాఖ పని. కనుక మద్రాసు వైపు ఊళ్ల గురించి చదివినదాన్ని వరంగల్‌కు అతికించకు. తెలుగు పత్రికలు కూడా తిరగెయ్యి. 1922లో మన ఇనుగుర్తి నుంచే ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రిక నడిపారు, 1926లో హైదరాబాదు నుంచి ‘గోలకొండ’ మొదలైంది. వార్తల కంటే ప్రకటనలు జాగ్రత్తగా చూడు. ఏ ఊళ్లో ఏ సరుకు అమ్ముడుపోతోందో ప్రకటనలు దాచలేవు. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం నీకు నడిచిపోయే దూరంలో ఉంది, అక్కడ మొదలుపెట్టు.

నిజాంసాగర్ గురించి నువ్వు రాసిన చోట ఒక మంచి ప్రశ్న నీ చేతిలోంచి జారిపోయింది. మంజీర మీద ఆ ఆనకట్ట 1931 నాటికి పూర్తయింది. దాని దగ్గర కరెంటు తీసింది 1950ల మధ్యలో. నీళ్లూ ఎత్తూ రెండూ ఉన్న చోట ఇరవై ఏళ్లు ఎందుకు ఆగారు? ఆనకట్ట కట్టింది సాగు కోసం. కాలువ ఎప్పుడు వదలాలో పంట చెప్తుంది, దీపం చెప్పదు. పైగా పగటిపూట కొనేవాడెవడు అన్న పాత లెక్క ఇక్కడా ఉంది. ఈ రెండు కారణాలూ చెప్పి, అప్పటి ఫైళ్లలో ఇంజనీర్లు ఏమని వాదించుకున్నారో వెతుకు. ఒక అధ్యాయానికి సరిపడా సరుకుంది.

1959 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడటం, 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల కేంద్రం, 1983లో అక్కడే ఎన్టీపీసీ మొదటి యూనిట్, 2000లో హనుమకొండ కేంద్రంగా ఉత్తర డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ): ఇవన్నీ రెండు పేజీల్లో దాటెయ్. ఇవి అందరికీ దొరికే సంగతులు. నువ్వు ఆగాల్సింది సిరిసిల్లలో.

సిరిసిల్ల కథ నీ పుస్తకంలో ఒక్క పేరాగా ఉండటం నాకు నచ్చలేదు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. అప్పుడు దేశం మొత్తం మీద ప్రయోగంగా అయిదు చోట్ల సహకార విద్యుత్ సంఘాలు పెట్టారు, వాటిలో సిరిసిల్ల ఒకటి. అమెరికా పల్లెల్లోని సహకార సంఘాలను చూసి, అమెరికా సాయంతో వేసిన నమూనా. 1970లో సిరిసిల్ల సంఘం పని మొదలుపెట్టింది. దాని పొట్టి పేరు ‘సెస్’ అంటే ఆ వైపు తెలియనివాడు లేడు. కరెంటు వాడుకునేవాడే సభ్యుడు, పాలకవర్గాన్ని ఓట్లేసి ఎన్నుకునేదీ వాళ్లే. అప్పటిదాకా పైనుంచి దిగుతూ వచ్చిన వరసను, కనీసం కాగితం మీదనైనా, కిందివాడి చేతికి ఇచ్చిన ఏర్పాటు ఇది. నిజంగా చేతికి వచ్చిందా, ఊళ్లోని పెద్దల చేతుల్లోకే పోయిందా అన్నది నువ్వు తేల్చాలి. సంఘం ఏ పల్లెకు ముందు స్తంభాలు వేసిందో, ఏ వాడకు ఆఖరున వేసిందో పాత రిజిస్టర్లలో కనెక్షన్ నంబర్ల వరసే చెప్తుంది. దళితవాడకు తీగ ఎప్పుడు చేరిందో తప్పకుండా చూడు.

అక్కడ కరెంటు రెండు పనులు చేసింది. ఒకటి బాయి దగ్గర. మోటకు జోడెడ్లు కావాలి, తోలు బొక్కెన కావాలి, తెల్లవారుజామున లేచే మనిషి కావాలి. మోటారు బిగించాక ఎడ్లు తగ్గాయి, తోలు పని తగ్గింది, ఆ పని మీద బతికిన కుటుంబం వేరే దారి వెతుక్కుంది. బాయిలో నీళ్లు కూడా తొందరగా దిగాయి. రెండోది సాంచాల (మరమగ్గాల) కార్ఖానా. చేతిమగ్గం మీద నేసినవాడు ఆసామి (సాంచాల యజమాని) దగ్గర సాంచాలు నడిపే కార్మికుడయ్యాడు. నేసినంతకే కూలి. కరెంటు పోతే సాంచా ఆగుతుంది, సాంచా ఆగితే కూలి ఆగుతుంది. ఒక కార్ఖానాలో రాత్రంతా కూర్చో. చెవులు దిమ్మెక్కే ఆ చప్పుడు మధ్యలో కరెంటు పోయినప్పుడు పడే నిశ్శబ్దంలో మనుషులు ఏం మాట్లాడుకుంటారో విని రాసుకో. నీ పుస్తకంలో ఏ నివేదికా ఇవ్వని పేజీ అది.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ‘కరెంటు ఏ సంవత్సరం వచ్చింది’ అని అడగకు. వాళ్ల లెక్క సంవత్సరాలతో నడవదు. రజాకార్ల జమానాకు ముందా వెనకా? మీ పెళ్లికి పెట్రోమాక్స్ పెట్టారా, బుగ్గలు పెట్టారా? 69 తెలంగాణ ఉద్యమం నాటికి వాడకట్టులో ఎన్ని ఇళ్లకు ఉంది? ఏ సమ్మక్క జాతరకు పోయొచ్చాక మీటరు పెట్టారు? జాతర రెండేళ్లకోసారి కాబట్టి సంవత్సరం దానంతటదే దొరుకుతుంది. ఆడవాళ్లను తప్పకుండా విడిగా అడుగు. మొదటి బుగ్గ చాలా ఇళ్లలో ముందు గదిలో వెలిగింది. వంటింట్లోకి ఎన్నేళ్లకు వచ్చిందో వంట చేసినామెకే గుర్తుంటుంది. ఇంట్లోనూ ఒక వరస ఉంది బిడ్డా, దాన్నీ రాయి.

పాత బజారులో ఇళ్లు కూలగొడుతున్నప్పుడు కంటపడితే ఆగి చూడు. టేకు పట్టీల మీద పరిచిన వైరు, పింగాణీ ఫ్యూజు, నల్లటి గుండ్రటి స్విచ్చు ఇంకా గోడలకు ఉంటాయి. ఇంటాయనను అడిగి ఫొటో తీసుకో. గల్లీ పేరు, తారీఖు వెంటనే ఫొటో వెనక రాయి.

అన్నింటికంటే ముఖ్యంగా రిటైరైన లైన్‌మెన్లను కలువు. ఏ స్తంభం ఎప్పుడు వేశారో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎవరి ఒత్తిడితో ఎటు జరిగిందో ఆఫీసు రికార్డు కంటే వాళ్లకు బాగా తెలుసు. వానలో స్తంభమెక్కి షాక్ కొట్టి పోయిన హెల్పర్ల పేర్లు వాళ్ల నోటనే వినాలి. నీ రాతప్రతిలో ఇంజనీర్ల పేర్లున్నాయి, దివాన్ల పేర్లున్నాయి, తీగ లాగినవాడి పేరు ఒక్కటీ లేదు. వాళ్ల ఇంటివాళ్లు సరేనంటేనే పేరు వెయ్యి. వద్దంటే ఊరూ పనీ రాసి పేరు వదిలెయ్.

ముందుమాట ఇప్పుడే రాయకు, నన్ను రాయమని కూడా అడగకు. పండగ తర్వాత సిరిసిల్ల పోయి రా. ఉర్దూ ఫైళ్ల నకళ్లు దొరికితే నా దగ్గరికి తే. శికస్తా రాత (ఉర్దూ గొలుసుకట్టు రాత) చదవగల పెద్దాయన ఒకరు మా వీధి చివరన ఉంటారు, పొద్దుటి పూట అయితే ఓపికగా చదివి చెప్తారు. వచ్చే ముందు రోజు ఫోన్ చెయ్, ఆయనకు చెప్పి ఉంచుతాను. ఫసలీ తారీఖులు సరిచేసిన రెండో అధ్యాయం మాత్రం అంతకుముందే పంపు.

నీ మేలు కోరే,
పెద్దనాన్న